ఒకే పొయ్యి, నాలుగు రకాల వేడి

కార్తీక వనభోజనాలకు వెళ్లినవాళ్లకు తెలిసిన తంతే ఇది. ఉసిరిచెట్టు నీడకు కాస్త ఎడంగా మూడు రాళ్లు పేర్చి, మధ్యలో ఎండుపుల్లలు దోపి అంటిస్తారు. మంట గిన్నె అంచు దాటి పైకెగుస్తుంది. పక్కన నిలబడ్డవాళ్ల మొహాలు సెగకు ఎర్రబడతాయి, కళ్లు పొగకు మండుతాయి. ఎసరు మాత్రం మరగదు. ఇంట్లో గిన్నె అడుగు దాటి బయటికి కూడా రాని చిన్న నీలిమంటకు చకచకా కాగే నీళ్లు, ఇంత పెద్ద మంట మీద ఎందుకు మొండికేస్తాయి?

లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. లీటరు నీళ్లను 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 314 కిలోజౌళ్ల శక్తి కావాలి. బాగా ఎండిన కట్టె కిలోలో దాదాపు 16,000 కిలోజౌళ్లు ఉంటాయి. అంటే పైసా వృథా లేకపోతే 20 గ్రాముల పుల్లలు చాలు. నాలుగు పెన్సిళ్ల బరువు! మూడు రాళ్ల పొయ్యిలో మామూలుగా కట్టెలోని శక్తిలో పది పదిహేను శాతమే గిన్నెలోకి చేరుతుంది. గాలి వీస్తే అదీ చేరదు. మిగతాదంతా ఆకాశానికి, నేలకు, చుట్టూ నిలబడ్డవాళ్ల మొహాలకు పోతుంది.

ఇంటి దగ్గర ఈ వృథాకు మూల్యం డబ్బు. శిబిరంలో అయితే భుజం మీది బరువు, లేదా అడవిలోని ఎండుకట్టె. అందుకే క్యాంపింగ్ పొయ్యి తయారుచేసేవాళ్ల తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. దానికి తోడు ఇప్పుడు అందరూ ఒక్క పొయ్యి మీదే పొద్దున కాఫీ, మధ్యాహ్నం పులావు, సాయంత్రం కబాబు, రాత్రికి రొట్టె కావాలంటున్నారు. అంగళ్లలో ‘ఐదు పనుల పొయ్యి’, ‘ఏడు పనుల పొయ్యి’ అంటూ అమ్ముతున్నవాటిలో చాలామటుకు లెక్కపెట్టేది పెట్టెలో వచ్చే పళ్లేలనూ చువ్వలనూ. ఒక పొయ్యి నిజంగా ఎన్ని పనులు చేస్తుందో తెలియాలంటే అది ఎన్ని రకాల వేడిని ఇవ్వగలదో చూడాలి.

ఏ వంటకు ఏ వేడి

నీళ్లు మరిగించడానికి కావలసింది గిన్నె అడుగున కేంద్రీకరించిన పెద్ద మంట. ఎంత త్వరగా ఎంత శక్తి నీళ్లలోకి తోయగలమన్నదే ప్రశ్న.

మరుగు పట్టాక కథ మారిపోతుంది. మూత వదులుగా ఉన్న గిన్నెలో నీళ్ల వేడి 100 డిగ్రీలు దాటదు. బియ్యానికి, పప్పుకు కావలసింది ఆ వేడే. కుతకుతలాడించినా, గలగలా తెర్లించినా అవి ఒకే వేగంతో ఉడుకుతాయి. అదనంగా పెట్టిన మంటంతా నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. కిలో నీరు ఆవిరైతే 2,260 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. ఆ కిలో నీళ్లను మరుగుకు తేవడానికి పట్టినదానికి ఏడు రెట్లు! కాబట్టి ఉడికించే పొయ్యికి కావలసింది గిన్నె నుంచి గాలిలోకి పోతున్న వేడిని పూడ్చగలిగేంత సన్నని సెగ.

పెనం మీద అట్టు వేయాలంటే వేడి తక్కువైనా ఫరవాలేదుగానీ అన్నివైపులా సమంగా పరచుకోవాలి. నిప్పుల మీద కాల్చే మాంసానికి మంట అసలు పనికిరాదు. ఎర్రటి నిప్పుల నుంచి నేరుగా వచ్చే కిరణాల వేడి కావాలి. మంట తగిలితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఇక రొట్టె కాలాలంటే కింద నుంచి ఎంతో పైనుంచీ అంత వేడి రావాలి. మన అమ్మమ్మలు దిబ్బరొట్టెకు మూత మీద నిప్పులు పోసేది ఇందుకే. ఓవెన్ అనే మాట వినకముందే కుంపటిని ఓవెన్‌గా మార్చిన వంట అది.

నిప్పుల కాల్పునీ రొట్టెనీ ఒక జంటగా తీసుకుంటే డిజైనర్ ముందున్నవి నాలుగు: పెద్ద మంట, సన్నని సెగ, పరచుకున్న వేడి, మంట లేని నిప్పు. ఒకే రేకుడబ్బా ఈ నాలుగూ ఇవ్వాలి. పైగా సంచిలో పట్టాలి.

పొగంటే కాలని కట్టె

ముందు పెద్ద మంట సంగతి. కట్టె నేరుగా కాలదు. మొదట అందులోని తడి ఆవిరవుతుంది. 200 డిగ్రీలు దాటాక కట్టె విడిపోయి రకరకాల వాయువులు వదులుతుంది. మనం మంట అనుకునేది ఈ వాయువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కాలడమే. చివరకు మిగిలిన బొగ్గు మంట లేకుండా ఎర్రగా కాలుతుంది. వాయువులు పూర్తిగా కాలాలంటే మూడు కుదరాలి. దాదాపు 600 డిగ్రీలకు మించిన వేడి, గాలితో బాగా కలిసే అవకాశం, కాలడానికి కాస్త సమయం. ఆరుబయట మూడు రాళ్ల మధ్య చల్లగాలి నాలుగువైపుల నుంచీ దూరి వాయువులను చల్లార్చేస్తుంది. కాలకుండా పోయినవే కళ్లలోకి వస్తాయి. అంటే మనల్ని ఏడిపించే పొగ మనం మోసుకొచ్చిన వంటచెరకే.

ఈ చిక్కును 1980ల్లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో అప్రొవెచో పరిశోధన కేంద్రంతో కలిసి పనిచేసిన ల్యారీ వినియార్‌స్కీ చక్కగా విప్పాడు. ఆయన పొయ్యి ఇంగ్లిషు ఎల్ అక్షరం ఆకారంలో ఉంటుంది. అడ్డంగా ఉన్న గొట్టంలో పుల్లలు, వాటి కింద గాలి వెళ్లే దారి. మలుపు దగ్గర మంట. నిలువు గొట్టం చిన్న పొగగొట్టంలా పనిచేసి గాలిని లాగుతుంది. పుల్లల కొసలు మాత్రమే కాలుతుంటాయి కాబట్టి వాయువు పొయ్యి తట్టుకోగలిగినంతే పుడుతుంది. మంట నిలువు గొట్టంలో ఎక్కుతున్నప్పుడే గాలితో కలిసి పూర్తిగా కాలిపోతుంది. దీనికి రాకెట్ పొయ్యి అని పేరు. అందులో రాకెట్ ఏమీ లేదు.

ఈ ఎల్ ఆకారం మనకు కొత్త కాదు. రంపపు పొట్టు దొరికే ఊళ్లలో పొట్టు పొయ్యి వాడినవాళ్లు ఇంకా ఉన్నారు. రేకుడబ్బా నడుమ ఒక సీసాను నిలబెట్టి, అడుగునున్న రంధ్రంలోంచి ఒక కర్రను అడ్డంగా దూర్చి, చుట్టూ పొట్టు కూరి గట్టిగా దట్టించేవారు. సీసా, కర్ర తీసేస్తే మిగిలే దారి అచ్చంగా ఎల్. గంటల తరబడి నిలకడగా మండేది. తేడా ఒక్కటే. అక్కడ గోడే ఇంధనం.

వినియార్‌స్కీ నొక్కిచెప్పిన ఇంకో విషయాన్ని చాలామంది తయారీదారులు ఇప్పటికీ తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. పొయ్యి గోడ మందంగా, బరువుగా ఉంటే వేడి నిలుస్తుందని వాళ్ల నమ్మకం. ఇటుక, రాయి, మందపాటి ఇనుము ముందు తామే వేడెక్కాలి. ఎండిన నేల మొదటి వానను పీల్చినట్టు మొదటి అరగంట మంటను అవే పీల్చేస్తాయి. పూటకు ఒక్కసారి వెలిగించి ఇరవై నిమిషాల్లో ఆర్పేసే శిబిరపు పొయ్యికి ఇది శుద్ధ దండగ. కావలసింది గాలిని లోపల బంధించిన తేలికపాటి అడ్డు. రెండు పలచని రేకుల మధ్య కాస్త సందు వదిలి, అందులో జల్లెడపట్టిన కట్టెబూడిద నింపినా పనిచేస్తుంది. బూడిదను ఇంటి నుంచి మోయక్కర్లేదు కూడా.

సంచిలో పట్టే కట్టెల పొయ్యిల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది వేరే రకం. రెండు గోడల డబ్బా. గోడల మధ్య వేడెక్కిన గాలి పైనున్న రంధ్రాల నుంచి మంట మీదికి చిమ్ముతుంది. వెలిగిన కాసేపు చూడముచ్చటగా, పొగలేకుండా మండుతుంది. అయితే మళ్లీ పుల్లలు వేసినప్పుడల్లా పొగ, వేసినవి వేసినట్టు కాలిపోవడమే తప్ప తగ్గించే వీలు లేదు. కాఫీకి అది భేష్. పప్పుకు నేను ఎల్ పొయ్యినే ఎంచుకుంటాను.

అర అంగుళం సందు

మంట బాగా కాలినంత మాత్రాన వేడి గిన్నెలోకి వెళ్తుందన్న హామీ లేదు. గిన్నెను ఆనుకుని కదలని పలచని గాలిపొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. వేడికి అదే పెద్ద అడ్డంకి. వేడిగాలి గిన్నెను వేగంగా, ఒరుసుకుంటూ పోతే ఆ పొర పలచబడుతుంది. దూరంగా, తీరిగ్గా పోతే పొర అలాగే ఉంటుంది. కాబట్టి గిన్నె చుట్టూ ఒక రేకు పట్టీ కట్టి, సన్నని సందులోంచి వేడిగాలిని పోనివ్వాలి. సందు ఎంత? నిలువు గొట్టం నోరు ఎంత వైశాల్యమో దారి పొడుగునా అంతే ఉండాలి. పది సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం మీద ఇరవై సెంటీమీటర్ల గిన్నె పెడితే సందు సుమారు 1.25 సెంటీమీటర్లు, అంటే అర అంగుళం. ఇంకా తగ్గిస్తే గాలి లాగదు, పొగ వెనక్కి కొడుతుంది. పెంచితే వేడి గిన్నెను తాకకుండానే జారిపోతుంది. గాలివీచే చోట ఈ రేకు పట్టీ రెండో పనీ చేస్తుంది, అదే అడ్డుతెర.

‘బహుళ ప్రయోజన’ పొయ్యిల బలహీనత బయటపడేది ఇక్కడే. సందు గిన్నె కొలతను బట్టి ఉంటుంది. చిన్న గిన్నెకు సరిపోయిన పట్టీ పెద్ద గిన్నెకు పట్టదు. మంచి డిజైన్‌లో పట్టీ రెండు చుట్లుగా ఉండి, గిన్నెను బట్టి బిగించుకునేలా, వదులు చేసుకునేలా ఉంటుంది. వంటకోసం తీసుకెళ్లే రెండు గిన్నెలను ముందే నిర్ణయించుకోవడం ఇంకా తేలిక.

▣ బాక్స్: ధ్రువాల దాకా వెళ్లిన కుక్కర్

ఒక మంటతో రెండు మూడు పనులు చేయించడంలో ఇప్పటికీ తలదన్నేది లేదనిపించే పరికరం నార్వే అన్వేషకుడు ఫ్రిట్‌యోఫ్ నాన్సెన్ పేరిట ఉంది. ఆయన 1888లో గ్రీన్‌లాండ్‌ను దాటాడు. మంచుసీమలో వంట కంటే ముందు తాగునీరు కావాలి. సున్నా డిగ్రీల కిలో మంచును కరిగించడానికే 334 కిలోజౌళ్లు పడతాయి, లీటరు నీళ్లను మన ఊళ్లో మరిగించడానికి పట్టేదానికంటే ఎక్కువ.

నాన్సెన్ కుక్కర్‌లో నడిమి గిన్నెలో వంట. దాన్ని తప్పించుకుని పక్కలకు పోయే వేడి చుట్టూ ఉన్న వలయాకారపు పాత్రలోని మంచును తాకుతుంది. అక్కడా తప్పించుకున్నది పైనున్న ఇంకో పళ్లెంలోని మంచును కరిగిస్తుంది. అన్నిటినీ కప్పుతూ ఒక మూత. అడుగున ప్రైమస్, అంటే 1892లో స్వీడన్‌లో ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ రూపొందించిన కిరసనాయిలు పంపు స్టవ్. మన వంటిళ్లలో బుస్సుమంటూ మండినది దాని సంతతే. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందం వెంట, తర్వాత నెలకు అక్కడికి చేరిన స్కాట్ బృందం వెంట ఉన్నది ఈ జోడీయే.

మన పాత ఇళ్లలో స్నానానికి నీళ్లు కాచే రాగి బాయిలర్‌దీ ఇదే తెలివి. నిప్పు నడిమి గొట్టంలో, నీళ్లు దాని చుట్టూ.

తగ్గించడమే అసలు పరీక్ష

పెద్ద మంట ఇవ్వడం ఏ పొయ్యికైనా సులువే. తగ్గించమన్నప్పుడు తెలుస్తుంది పనితనం. గ్యాస్‌కు మీట ఉంది. కట్టెల పొయ్యికి కూడా తలుపు పెట్టి గాలి తగ్గిస్తే సరిపోతుందనుకుంటారు. గాలి తగ్గితే మంట తగ్గుతుంది నిజమే, కానీ వేడెక్కిన కట్టె వాయువులు వదలడం మానదు. కాల్చడానికి ఆక్సిజన్ లేక అవి పొగగా వస్తాయి. అందుకే కట్టెల పొయ్యిలో తగ్గించాల్సింది కట్టెలనే. నాలుగు పుల్లలుంటే రెండు వెనక్కి లాగాలి. పల్లెటూరి వంటగదిలో ఎవరూ చెప్పకుండానే చేసే పని ఇది. ఎల్ పొయ్యి దీనికి అచ్చంగా సరిపోతుంది, పుల్లల రెండో కొసలు చేతికి అందుబాటులో చల్లగా ఉంటాయి కాబట్టి.

గాలి తలుపు పనికొచ్చేది తర్వాత, బొగ్గు మిగిలాక. బొగ్గుకు వదలాల్సిన వాయువులు పెద్దగా ఉండవు. గాలి ఎంత ఇస్తే అంతే కాలుతుంది. మంట ఆగిన పొయ్యి మీద చువ్వల పళ్లెం పెట్టి, తలుపుతో నిప్పులను అదుపు చేస్తే కబాబు పొయ్యి సిద్ధం. అంటే వరుస ముఖ్యం. ముందు నీళ్లు, తర్వాత అన్నం, మిగిలిన నిప్పుల మీద మాంసం, చివర్న కొన్ని నిప్పులు మూత మీదికెత్తి రొట్టె. ఒకేసారి నాలుగూ చేస్తానని చెప్పే పొయ్యి కంటే ఈ వరుసకు వీలిచ్చే పొయ్యి మేలు. అన్నం మరుగు పట్టి ఐదారు నిమిషాలైతే గిన్నెను దించి దుప్పట్లో గట్టిగా చుట్టి పెట్టినా ఉడుకుతుంది. మంటే అక్కర్లేదు.

అట్టు ఎక్కడ మాడుతుంది

అట్టు పెనానికి మందపాటి అల్యూమినియం బాగుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కంటే పదిహేను రెట్లు బాగా వేడిని పరుస్తుంది. పలచని స్టీలు పళ్లెంలో మంట తగిలిన చోట నల్లగా, చుట్టూ తెల్లగా తేలుతుంది అట్టు. టైటానియం తేలికేగానీ వేడిని పరచడంలో స్టీలుకు తోబుట్టువే. నీళ్లు కాచుకోవడానికి తప్ప దేనికీ దాన్ని నేను సిఫారసు చేయను.

చలిలో మొరాయించే గ్యాస్

కట్టెలు దొరకని చోట, లేదా నిప్పు పెట్టకూడని చోట గ్యాస్ డబ్బా తప్పదు. సంచిలో పట్టే సన్నని డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. సాధారణ పీడనంలో అది మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. అంతకంటే చలైతే ద్రవంగా ఉండిపోతుంది, పొయ్యికి వాయువు అందదు. లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో సున్నాకు చేరువయ్యే చలి ఉంటుంది. పైగా ద్రవం వాయువుగా మారేటప్పుడు డబ్బాలోని వేడినే వాడుకుంటుంది. ఐదు డిగ్రీల చలిలో మొదలుపెట్టినా డబ్బా తనను తాను చల్లార్చుకుని సున్నాకు దిగిపోతుంది. మంట నీరసిస్తుంది, డబ్బా సగం నిండుగానే ఉంటుంది. మైనస్ 12 దగ్గర మరిగే ఐసోబ్యూటేన్, మైనస్ 42 దగ్గర మరిగే ప్రొపేన్ కలిపిన డబ్బాలు చలిప్రాంతాలకు అందుకే.

ఇక్కడ ఒక హెచ్చరిక. కట్టెల పొయ్యికి ఎంతో మేలు చేసే అడ్డుతెరను డబ్బా మీదే బిగించే గ్యాస్ పొయ్యి చుట్టూ పూర్తిగా కట్టకూడదు. డబ్బాను మించిన వెడల్పాటి పెనమూ పెట్టకూడదు. వెనక్కి తిరిగిన వేడికి డబ్బా పీడనం పెరిగి పేలే ప్రమాదముంది. అందుకే రెండు ఇంధనాలకూ పనిచేసే పొయ్యిలో డబ్బా తప్పనిసరిగా గొట్టంతో ఎడంగా ఉండాలి.

హిమాలయ ట్రెక్కింగ్‌కు వెళ్లే మన కుర్రాళ్లకు ఇంకో మాట. ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ నీరు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో అది 88 దగ్గరే. ఏ పొయ్యీ దీన్ని మార్చలేదు, బరువైనా చిన్న ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్లాల్సిందే.

మడత పడే చోట

పొయ్యిని పలకలుగా విడదీసి మడిచేలా చేయడం చూడటానికి అందంగా ఉంటుంది. వేడికి స్టీలు సాగుతుంది. ముప్ఫై సెంటీమీటర్ల పలక 500 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. గాడుల్లో అంత వదులు లేకపోతే పలక వంగుతుంది, లేదా బిగుసుకుపోయి మడత రాదు. సొంతంగా చేసుకునేవాళ్లు జింకు పూత రేకు మంట తగిలే చోట వాడకూడదు. బాగా వేడెక్కితే వచ్చే జింకు పొగ జ్వరం తెప్పిస్తుంది. కాళ్లు మూడే ఉండాలి. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్లది ఊగుతుంది, మూడు కాళ్లది ఊగదు. పొయ్యికి రాళ్లు మూడే ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక కొన్ని కొత్త పొయ్యిలు మంట నుంచి కరెంటు తీస్తామంటున్నాయి. రెండు వేర్వేరు లోహాల అతుకులు వేర్వేరు వేడిలో ఉంటే కరెంటు పుడుతుందని 1821లో జీబెక్ చూపించిందే దీనికి ఆధారం. కిలోవాట్ల మంటలోంచి దక్కేది రెండు మూడు వాట్లు. ఆ కాస్త కరెంటుతో చిన్న ఫ్యాన్ తిప్పి మంటలోకి గాలి ఊదితే పొగ బాగా తగ్గుతుంది, అది నిజంగా ఉపయోగం. ఫోన్ ఛార్జింగ్ మాత్రం పెట్టె మీద బొమ్మకే. దానికి పవర్‌బ్యాంక్ ఉంది.

▣ బాక్స్: కొనేముందు లీటరు పరీక్ష

కట్టెల పొయ్యి పనితనం తెలుసుకోవడానికి వంటింటి కాటా చాలు. ఎండుపుల్లలు 200 గ్రాములు తూచండి. లీటరు నీళ్లు పోసి మూతపెట్టండి. నీళ్లు మరగగానే పుల్లలు బయటికి లాగి ఆర్పి, మిగిలినవాటిని మళ్లీ తూచండి. 200 గ్రాములూ అయిపోతే అది మూడు రాళ్ల పొయ్యి కంటే మెరుగేమీ కాదు. దాదాపు 80 గ్రాములు కాలితే సుమారు 25 శాతం సామర్థ్యం, 56 గ్రాములైతే 35 శాతం. కట్టెలతో పనిచేసే, ఎక్కడికైనా తీసుకెళ్లే పొయ్యిలకు భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 13152 ప్రమాణం ఫ్యాన్ లేనివాటికి కనీసం 25, ఫ్యాన్ ఉన్నవాటికి 35 శాతం ఉండాలంటుంది. మన పరీక్ష ఉజ్జాయింపే అయినా పెట్టె మీది ప్రగల్భాలను తేల్చడానికి సరిపోతుంది.

కనిపించని వాయువు

సామర్థ్యం వెంట పరుగెత్తితే ఒకచోట దెబ్బ తగులుతుంది. గిన్నెను మంటకు మరీ దగ్గరగా దించితే నీళ్లు త్వరగా కాగుతాయిగానీ, చల్లని గిన్నె అడుగు తగిలి మంట మధ్యలోనే చల్లారుతుంది. సగం కాలిన వాయువు కార్బన్ మోనాక్సైడ్‌గా బయటపడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత మత్తు. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ హెచ్చరిక కూడా ఉండదు. పొగ లేదు కదా అని భరోసా పడేది బొగ్గు నిప్పులను చూసే. వాటి నుంచే ఇది ఎక్కువగా వస్తుంది.

అందుకని చలి ఎంత ఉన్నా, వాన ఎంత కురిసినా, పొయ్యి ఏ కంపెనీదైనా, ఎంత ఖరీదుదైనా, టెంటు లోపల వెలిగించకండి. నివురుగప్పిన నిప్పులను వెచ్చదనం కోసం లోపల పెట్టుకోకండి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం. అనుమతి ఉన్న చోటనైనా బయల్దేరేముందు బూడిద మీద నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయండి. చెయ్యి పెట్టి చూస్తే పూర్తిగా చల్లగా తగిలాకే పొయ్యి మడవండి.